దీర్ఘం లేని మాత్ర

నగరి,
జూన్ 12

గ్రేసీకి మునిరత్నమ్మ రాసేది.

నువ్వు మమ్మల్ని బస్సు ఎక్కించాక మా ఆయన, అదే నువ్వు అన్నా అని పిలిచే మనిషి, పుత్తూరు దాటేవరకూ మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "గ్రేసమ్మ లావైంది గదా" అన్నాడు. అంతే. అంత పెద్ద ఆసుపత్రిలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే ఆయనకు గుర్తున్నది అదొక్కటే. కోపం తెచ్చుకోకు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకని అడుగుతావేమో. ఇంట్లో రెండు పవర్‌లూమ్ మగ్గాలు తిరుగుతుంటే ఫోన్‌లో నువ్వు "ప్రభువు" అన్నా నాకు "పప్పు" అనే వినిపిస్తుంది. మగ్గం ఆపి మాట్లాడదామంటే చీర వెనకబడుతుంది, కూలి తగ్గుతుంది. పైగా ఆయన పక్కనే ఉంటాడు. ఆయన ముందర ఆయన జబ్బు గురించి మాట్లాడటం నాకు చేతకాదు. పదో తరగతి అయిన ఏడాదే నీకు పెళ్ళయి తిరుపతికి పోయావు. అప్పట్నుంచీ మనకు ఉత్తరాలు అలవాటే కదా.

డాక్టర్ నందితమ్మ చెప్పింది రాత్రంతా తలచుకుంటూనే ఉన్నాను. ఆయన కిడ్నీలు రెండూ కలిసి మూడో వంతే పనిచేస్తున్నాయి. రక్తంలో ఫాస్ఫేటు నాలుగున్నర దాటకూడదట, ఐదు పాయింట్ తొమ్మిది ఉందట. దాన్ని దించకపోతే మిగిలిన మూడో వంతు కూడా పాడవుతుంది, అప్పుడిక వారానికి మూడు రోజులు డయాలిసిస్‌కు తిరుపతి రావాలి అన్నారు. వారానికి మూడు రోజులు మగ్గం ఆగితే మాకు మిగిలేదేమిటో నీకు చెప్పక్కర్లేదు. ఆయన మగ్గం మీద లేని రోజు ఎలా ఉంటాడో కూడా నాకు తెలియదు. ముప్పై ఏళ్ళలో అలాంటి రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టాలి.

ఇంకొక సంగతి. బస్సులో పక్క సీటాయన రిపోర్టు చూసి, "ఫాస్ఫరస్ అంటే భాస్వరం గదమ్మా" అన్నాడు. గాలి తగిలితే మండుతుందని నీళ్ళలో పెట్టి ఉంచుతారని సైన్సు పాఠంలో చదివామే, ఆ భాస్వరమేనా? లేక వరిచేలకు వేసే ఎరువా? రెంటిలో ఏదైనా అది మా ఆయన రక్తంలోకి ఎలా వచ్చింది? నవ్వకుండా రాయి.

మందుల గురించి నువ్వు తెలుగులో రాసిచ్చిన చీటీని స్వామి పటం పక్కన గోడకు అతికించాను. అందులో ఎలా ఉంటే అలా చేస్తాను, ఒక్క అక్షరం తప్పను.

మునిరత్న

*

తిరుపతి,
జూన్ 20

ఏమే మునిరత్నా,

నేను లావయ్యానా? కిడ్నీలతో పాటు మీ ఆయనకు కళ్ళు కూడా పరీక్ష చేయించి ఉండాల్సింది. ఆయా చీర గంజి పెట్టి కడితే ఎవరైనా లావుగానే కనిపిస్తారని చెప్పు.

నవ్వకుండా రాయమన్నావు. నవ్వి, అయిపోయాక రాస్తున్నాను. నువ్వు అడిగిన భాస్వరం ప్రశ్న డాక్టర్ నందితమ్మకు చెప్తే ఆమె కూడా నవ్వి, ఆ తర్వాత మంచి ప్రశ్నే అన్నారు. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. మనం తినే ప్రతిదాంట్లోనూ కొంచెం ఫాస్ఫేటు ఉంటుంది. ఒంటికి కావాలి కూడా. ఎక్కువైనదాన్ని కిడ్నీ బయటికి పంపేస్తుంది. కిడ్నీ అలిసిపోతే పంపలేదు. అది రక్తంలోనే ఉండిపోయి ఎముకల్ని గుల్ల చేస్తుంది, కిడ్నీని ఇంకా అలిసిపోయేలా చేస్తుంది. కాబట్టి మీ ఆయన మండడు. మగ్గం దగ్గర నీళ్ళ బకెట్ పెట్టుకోనవసరం లేదు.

ఇంకో విచిత్రం విను. ఆమె మా ఆసుపత్రిలో ఒక పరిశీలన చేస్తున్నారు. ఎవరి సంపాదన ఎంత, ఏం తింటారు, రక్తంలో ఫాస్ఫేటు ఎంత, అన్నీ రాసుకుంటున్నారు. సంపాదన తక్కువున్న వాళ్ళకే ఫాస్ఫేటు ఎక్కువగా కనిపిస్తోందట. నేను ఊరుకోలేక అడిగాను. "అమ్మా, మాకు తినేదానికే తక్కువ గదా, ఇదొక్కటి యాట్నుంచి ఎక్కువొస్తాది?" అన్నాను. "అదే నాకూ కావాల గ్రేసమ్మా, నువ్వు చెప్పు" అన్నారు. ఆమెది చిత్తూరే. మనలాగే మాట్లాడతారు.

మాత్రలు మానకు. ఆ మాత్ర చేసే పని ఏమిటంటే, తిండిలో ఉన్న ఫాస్ఫేటును కడుపులోనే పట్టుకుని రక్తంలోకి పోనివ్వదు. పోలీసులాంటిది అనుకో. మీ స్వామికి నువ్వు చెప్పు, మా ప్రభువుకు నేను చెప్తాను. ఇద్దరూ మాట్లాడుకుని ఎవరి వంతు ఎంతో తేల్చుకుంటారు.

డ్యూటీ గంట కొట్టారు.

గ్రేసీ

*

నగరి,
ఆగస్టు 10

గ్రేసీకి,

రెండు నెలలు రాయలేదు. మంచి మాట రాద్దామని ఆగాను. నిన్న ఇక్కడి ల్యాబులో రక్తం ఇచ్చి వచ్చాము. ఐదు పాయింట్ ఎనిమిది. రెండు నెలలకు పాయింట్ ఒకటే దిగింది. ఈ లెక్కన నాలుగున్నరకు రావాలంటే రెండేళ్ళు పడుతుంది. అంతవరకూ ఆ కిడ్నీలు ఆగుతాయా?

నేను చేయనిది లేదు గ్రేసీ. పక్కింటి కుప్పమ్మత్త రాగుల్లో ఫాస్ఫేటు ఉంటుందన్నది, సంగటి మాన్పించాను. పప్పులో ఉంటుందన్నది, పప్పు మాన్పించాను. పాలు, గుడ్డు, శనక్కాయలు అన్నీ మాన్పించాను. ఇప్పుడు ఆయనకు పెట్టేది అన్నం, పలచటి చారు, ఉడికించి నీళ్ళు వంచేసిన సొరకాయో బీరకాయో. ఆయన మారు మాట్లాడకుండా తింటాడు. "ఆసుపత్రి తిండి ఇంటికే వచ్చేసినాది" అని ఒకసారి అన్నాడు, అంతే. ఆయన ముందర నేను పప్పు వేసుకోలేను కాబట్టి నేను కూడా అదే తింటున్నాను.

మాత్రల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉన్నాను. మాకు రెండు పూటలే భోజనం. పొద్దున పదింటికి, రాత్రి ఎనిమిదింటికి. చీటీ ప్రకారం సరిగ్గా మధ్యలో మూడు గంటలకు మగ్గం దగ్గరికే తీసుకుపోయి రెండు మాత్రలూ ఇస్తాను. తులసి తీర్థంతో మింగుతాడు. ఒక్క రోజు కూడా మూడు దాటలేదు. గోడ గడియారం మీద నమ్మకం లేక రేడియో పెట్టుకుని చూస్తాను. మింగగానే ఆయన "కాళ్ళు సాగదీసుకోనొస్తా" అని వీధి చివరి దాకా నడిచి వస్తాడు. నడవడం మంచిదేనని డాక్టరమ్మ అన్నారు కదా.

ఇంత చేసినా దిగలేదంటే నా భక్తిలో ఎక్కడో లోపం ఉండాలి. ఎక్కడో తెలియడం లేదు.

అడగడం మరిచాను. నీ జూన్ ఉత్తరం మూల మీద నారింజ రంగు నూనె మరక ఒకటి ఉంది. ఏమిటది? వాసన చూస్తే మసాలా వాసన వచ్చింది.

మునిరత్న

*

తిరుపతి,
ఆగస్టు 16

మునిరత్నా,

నీ ఉత్తరం వార్డు మెట్ల మీద నిలబడి చదివాను. చదివి అక్కడే కూర్చున్నాను. లోపం నీ భక్తిలో లేదు తల్లీ. నా తెలుగులో ఉంది.

గోడ మీద చీటీ ఉంది కదా, లేచి పోయి చూడు. నేను ఏం రాశాను? "రెండు పూటల భోజనం మధ్యలో" అని రాసి ఉంటాను. రాయాల్సింది "రెండు పూటలా భోజనం మధ్యలో" అని. పొద్దున అన్నం తింటూ తింటూ మధ్యలో ఒక మాత్ర. రాత్రి అన్నం తింటూ తింటూ మధ్యలో ఒక మాత్ర. నువ్వేమో పొద్దుటి అన్నానికీ రాత్రి అన్నానికీ సరిగ్గా మధ్య గంట పట్టుకుని, పైగా రేడియో పెట్టి మరీ చూసి, ఖాళీ కడుపులో రెండూ వేయిస్తున్నావు. దొంగ వచ్చే వేళకు పోలీసు ఇంట్లో నిద్రపోతున్నాడు. దొంగ లేని వేళ వీధిలో కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు.

యోగానంద అయ్యవారు గుర్తున్నాడా? తెలుగు పేపర్లు ఇచ్చేటప్పుడు నా పేరు పిలిచి, "గ్రేసీ, ఏమ్మా, మీ ఇంట్లో దీర్ఘాలకు కరువా? ఒక్కటీ పెట్టవే?" అనేవాడు. క్లాసంతా నవ్వేది. నువ్వు మాత్రం నవ్వేదానివి కాదు, నీ పేపరు నా వైపు తిప్పి చూపించేదానివి. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు మాత్రలు అని ఆయన బల్ల మీద తట్టి తట్టి చెప్పాడు. ముప్పై ఐదేళ్ళకు ఆ పాఠం ఇలా తగులుకుంది. నా ఒక్క దీర్ఘం పోయి మీ ఆయన రెండు నెలల మాత్రలు పోయాయి. నన్ను క్షమించు. ప్రభువు ముందర మోకాళ్ళ మీద కూర్చుని కూడా అడిగాను.

ఇప్పుడు విను. మాత్ర అన్నంతో పాటే. అన్నం ముందర పెట్టుకుని నాలుగు ముద్దలు తిన్నాక వేయాలి. తీర్థంతో కావాలంటే తీర్థంతోనే వేయి. మన స్వాములిద్దరికీ అభ్యంతరం ఉండదు.

రెండోది. కుప్పమ్మత్త మాట విని అన్నీ మాన్పించకు. డాక్టరమ్మను అడిగాను. రాగుల్లో, పప్పుల్లో ఉండేది సగానికి సగం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుందట. చిన్న గిన్నెడు పప్పు రోజూ పెట్టమన్నారు. అన్నం చారు మీద మగ్గం నడిపే మనిషి ఎలా నిలబడతాడు?

మరక సంగతా? ఏదో మందు సీసా ఒలికి ఉంటుంది. ఆసుపత్రి కదా.

తలొంచుకుని,
గ్రేసీ

*

నగరి,
అక్టోబరు 5

గ్రేసీకి,

ఈ రోజు పెరటాసి నెల మూడో శనివారం. స్వామికి తళిగ వేసి నైవేద్యం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అందరికీ పెట్టి, ఇప్పుడు కూర్చున్నాను. మనసు బాగాలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన రోజు నుంచీ మాత్రలు అన్నంతోనే ఇస్తున్నాను. నాలుగు ముద్దలు తిన్నాక ఒకటి. మొదటి రోజు మీ అన్న, "ఏందిది, అన్నంలోకి నంజుకొనేదానికి మాత్రా?" అన్నాడు. నీ దీర్ఘం కథ చెప్తే మగ్గం ఆపి మరీ నవ్వాడు. నవ్వడానికి ఆయన మగ్గం ఆపడం నేను ఎప్పుడూ చూడలేదు.

కానీ మొన్న రక్తం ఇచ్చి వస్తే ఆరు పాయింట్ ఆరు ఉంది గ్రేసీ. దిగాల్సింది పెరిగింది. తప్పుగా వేసినప్పుడు ఐదు ఎనిమిది, సరిగ్గా వేస్తే ఆరు ఆరు. ఇదేమి లెక్క? ఈ ల్యాబు రిపోర్టు ఫోన్‌లో ఫొటో తీసి పంపితే డాక్టరమ్మ మళ్ళీ డిసెంబరులో చూస్తామని, అప్పటికీ ఇలాగే ఉంటే డయాలిసిస్ కోసం చేతిలో నరం సిద్ధం చేసే ఆపరేషన్ గురించి మాట్లాడాలని జవాబు పెట్టారు. మీ అన్నకు ఇంకా చెప్పలేదు. ఎడమ చేతికి చేస్తారట. దారం తెగితే ముడి వేసేది ఆయన ఎడమ చేత్తోనే.

నీ దగ్గర ఒకటి దాచాను. చెప్పేస్తాను. నువ్వు చెప్పినా పప్పు పెట్టలేదు. భయమేసింది. ఒక గిన్నె పప్పు వల్ల ఆయనకు ఏమైనా అయితే నేనే కారణం అవుతాను అనుకున్నాను.

ఇదంతా చూస్తే నీ దీర్ఘం పోవడమే మంచిదేమో, స్వామే దాన్ని చెరిపాడేమో అనిపిస్తోంది. మళ్ళీ మూడు గంటలకే ఇవ్వమంటావా? ఏమీ తోచడం లేదు. తగ్గితే అలిపిరి నుంచి మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నాను.

నువ్వైనా ఏమైనా దాచావా నా దగ్గర? ఆ మరక మందు సీసాది కాదు.

మునిరత్న

*

తిరుపతి,
అక్టోబరు 9

మునిరత్నా,

ఏడవకు. కళ్ళు తుడుచుకుని ఈ ఉత్తరం రెండుసార్లు చదువు. మీ స్వామి నా దీర్ఘాన్ని ఎందుకు చెరిపాడో నాకు తెలిసిపోయింది.

నీ ఉత్తరం తీసుకుని నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె రెండు నిమిషాలు కాగితం వైపే చూసి, "గ్రేసమ్మా, ఆయన మూడు గంటలకు ఏం తింటాడు?" అన్నారు. "ఏమీ తినడమ్మా, మాత్ర మింగి నడుస్తాడు" అన్నాను. "యాడికి నడుస్తాడు?" అన్నారు.

ఇప్పుడు నువ్వే ఆలోచించు. మాత్ర పోలీసు అన్నాను కదా. మూడు గంటలకు పోలీసు ఉన్నన్నాళ్ళూ ఐదు ఎనిమిది దగ్గర ఆగింది. పోలీసును అక్కడి నుంచి తీసి భోజనం దగ్గర పెట్టగానే ఆరు ఆరుకు పోయింది. నువ్వు పెట్టే అన్నం చారులో పట్టుకోవడానికి దొంగే లేడు. అంటే దొంగ రోజూ మూడు గంటలకే వస్తున్నాడు. మనం తప్పు చేసి, తెలియకుండానే సరైన చోట కాపలా పెట్టాము.

వీధి చివర ఏముంది మునిరత్నా?

కోప్పడకు ఆయన మీద. ముందు చూడు.

గ్రేసీ

*

నగరి,
అక్టోబరు 17

గ్రేసీకి,

వీధి చివర మురుగేష్ టీ బంకు ఉంది.

ఒకరి వెనకాల పోయి చూడటం నాకు ఇష్టం లేదు. రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు మూడు గంటలకు ఆయన తువ్వాలు మరిచిపోయి పోయాడు. తువ్వాలు ఇవ్వడానికి పోవడం తప్పు కాదు కదా అని పోయాను.

మీ అన్న బంకు పక్కన బండ మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో పెద్ద బన్ను. ఇంకో చేతిలో నల్ల కలరు, అదే కూల్‌డ్రింకు సీసా. ఒళ్ళో కారం చిప్స్ ప్యాకెట్, చింపి ఉంది. మురుగేష్ నన్ను ముందు చూశాడు. "వరదన్నా, ఇంటి నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చినారు" అన్నాడు. ఆయన నోటి నిండా బన్ను ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. చిన్నపిల్లవాడు బెల్లం డబ్బాలో చెయ్యి పెట్టి దొరికినట్టు ఉన్నాడు. నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది గ్రేసీ. నవ్వుతూనే ఏడుపు వచ్చింది.

"మింగేసెయ్. అన్నం మీద, బన్ను మీద కోపం చూపిస్తే పాపం" అన్నాను.

మింగాడు. "తువ్వాల కోసం వచ్చినావా?" అన్నాడు.

"దానికే. ఎన్నాళ్ళుగా ఇది?"

"ముందర టీ ఒకటే తాగేవాణ్ణి, ఎప్పుడన్నా బన్ను. నువ్వు సంగటి, పప్పు మానిపించినాక ఆగలేకపోయినా. పదింటికి తిన్న చారన్నం పన్నెండుకే యాడికి పోతాదో పోతాది. మగ్గం కాడ కళ్ళు తిరిగితాయి. పది రూపాయలకు కడుపు నిండేది ఈ వీధిలో ఈ బన్నొక్కటే ఉండాది. ఈ నల్ల కలరు తాగితే రాత్రి దాకా నిలబడతా."

"ఆకలేస్తాందని నాకు చెప్పకూడదా?"

ఆయన నా వైపు చూడలేదు. సీసా మూత తిప్పుతూ అన్నాడు. "నువ్వు గూడా నా మాదిరే చారన్నమే తింటా ఉండావు. రెండు ముద్దలు తిని లేస్తా ఉండావు. నీ ముందర నాకు ఆకలని యా నోటితో చెప్పేది?"

ఆ మాట విన్నాక బండ మీద ఆయన పక్కనే కూర్చున్నాను. పెళ్ళయ్యాక వీధిలో ఆయన పక్కన అలా కూర్చోవడం అదే మొదటిసారి. నాలుగు నెలలుగా నేను భక్తిగా, పద్ధతిగా, రేడియో పెట్టుకుని మరీ ఆయన్ను ఆకలితో మాడ్చాను. ఆయన ఆ ఆకలిని దాచుకుని ఇక్కడికి తెచ్చుకున్నాడు. పథ్యం పెట్టి దొంగను ఇంట్లోంచి తరిమాననుకున్నాను. దొంగకు దారి చూపించింది నేనే.

మురుగేష్ కంగారుపడ్డాడు. "అక్కా, నేను విషం అమ్మలేదు. ఈడికొచ్చేవాళ్ళంతా మగ్గాలోళ్ళే. ఐదు నిమిషాల్లో తినేది, పది రూపాయల్లో అయ్యేది అడగతారు. అదే పెడతా" అన్నాడు.

"నీ తప్పు లేదప్పా" అన్నాను. నిజంగానే లేదు. బంకు ముందర నిలబడి చూశాను. మగ్గాలు నడిపేవాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు. ఒక్కరి చేతిలో కూడా వండిన తిండి లేదు. మీ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ వరసగా నిలబడి ఉంది.

ఇప్పుడేం చేయాలో అడిగి రాయి. రేపటి నుంచి పప్పు పెడతాను. భయపడను.

మునిరత్న

*

తిరుపతి,
అక్టోబరు 22

మునిరత్నా,

నీ ఉత్తరం డాక్టరమ్మకు పూర్తిగా చదివి వినిపించాను. "రెండు ముద్దలు తిని లేస్తా ఉండావు" అన్న చోట ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఆమె చెప్పింది రాస్తున్నాను. ఈసారి దీర్ఘాలన్నీ పెట్టాను, పక్క వార్డు నర్సుతో చదివించి మరీ పంపుతున్నాను.

గింజల్లో, పప్పుల్లో పుట్టుకతో ఉండే ఫాస్ఫేటు వేరు. ప్యాకెట్లు పాడవకుండా, బన్ను మెత్తగా పొంగేలా, నల్ల కలరు నోటికి చురుక్కుమనేలా కలిపే ఫాస్ఫేటు వేరు. కలిపినదంతా దాదాపు మొత్తం రక్తంలోకే పోతుంది. ఎంత కలిపారో ప్యాకెట్ మీద కూడా ఉండదు. చవకగా, త్వరగా కడుపు నిండేవన్నీ ఈ కాలంలో ప్యాకెట్లలోనే వస్తున్నాయి. సంపాదన తక్కువ ఉన్నవాడు తక్కువ తినడం లేదు, ఇవి తింటున్నాడు. అందుకే వాళ్ళ రక్తంలో ఎక్కువ.

కాబట్టి మీ ఆయనకు రెండు పూటలు కాదు, మూడు పూటలు పెట్టు. మూడు గంటలకు ఇంట్లో చేసిందే చిన్న పూట. ఏం చేస్తావో నీ ఇష్టం. ఉప్పు తక్కువ, ప్యాకెట్ వద్దు. మాత్రలు మాత్రం పెద్ద భోజనాలతోనే.

ఇక మరక. రెండుసార్లు అడిగావు. ఒకసారి అబద్ధం రాశాను, అది రెండు నెలలుగా గుచ్చుతోంది. అది నూడుల్స్ మసాలా మరక. కిడ్నీ వార్డులో పనిచేస్తూ, నీకు ఇంత ఇంత ఉపదేశాలు రాస్తూ, నేను రోజూ మధ్యాహ్నం తినేది అదే. వార్డు ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి మూత పెడితే మూడు నిమిషాలు. ఒక్కదాని కోసం వండుకోవడం ఎందుకు, కాంట్రాక్టు జీతం ఎప్పుడు పడుతుందో తెలియదు, డ్యూటీ మధ్యలో టైం ఉండదు. నీ మొగుడు బండ మీద కూర్చుని చెప్పినవే నా కారణాలు కూడా. డాక్టరమ్మ పరిశీలనలో మా ఆయాల రక్తం కూడా తీశారు. నా కిడ్నీలు బాగానే ఉన్నాయి, ప్రభువుకు స్తోత్రం. ఫాస్ఫేటు మాత్రం అంచు మీద నిలబడి ఉంది. "గ్రేసమ్మా, జీతం ఎంతో అడిగితే చాలు, రిపోర్టు చూడకుండానే చెప్పేస్తా ఉండాను" అన్నారు ఆమె. నాకు సిగ్గేసింది.

నీ దగ్గర దాచింది ఇదొక్కటే.

గ్రేసీ

*

నగరి,
డిసెంబరు 11

గ్రేసీకి,

ముందు అంకె. నాలుగు పాయింట్ నాలుగు.

ల్యాబు అబ్బాయి కాగితం ఇవ్వగానే అక్కడే నిలబడి మూడుసార్లు చదివాను. తప్పు చదివానేమోనని ఈయన చేత చదివించాను. ఆయన కాగితం తల్లకిందులుగా పట్టుకుని, "ఎట్ల తిప్పినా నాలుగే ఉండాది" అన్నాడు. డాక్టరమ్మకు ఫొటో పంపితే, కిడ్నీ ఇంకా దిగలేదు, అక్కడే నిలబడింది, చేతి ఆపరేషన్ మాట ఇప్పుడు వద్దు అని పెట్టారు. అప్పటిదాకా ఆయనకు ఆ ఆపరేషన్ సంగతి చెప్పలేదు కదా, అప్పుడు చెప్పాను. ఎడమ చెయ్యి ఒకసారి చూసుకుని, పోయి తెగిన దారం ముడి వేశాడు.

ఏం చేశానో రాస్తాను. బొరుగులు నీళ్ళలో తడిపి గట్టిగా పిండుతాను, దాంతో వాటిలో ఉన్న ఉప్పు కూడా పోతుంది. ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు వేసి తాళింపు పెట్టి, గూడూరు నిమ్మకాయ ఒకటి పిండుతాను. పావుగంట పని. మొదటి రోజు ఇంట్లో పెడితే మీ అన్న తిన్నాడు కానీ, మూడు గంటలకు కాళ్ళు మాత్రం వీధి చివరికే లాగాయి. ఆకలి ఒకటే కాదు, ఆ పదిహేను నిమిషాలు మనుషులతో మాట్లాడటం కూడా ఆయనకు కావాలి. సరేనని రెండో రోజు గిన్నె బంకు దగ్గరికే తీసుకుపోయి మురుగేష్ బల్ల మీద పెట్టాను.

"అక్కా, నా బన్నుల యాపారం చెడగొట్టేదానికే వచ్చినావా?" అన్నాడు.

"నీ టీ అమ్ముకో అప్పా, దీని పక్కన ఇంకో టీ పోతాది" అన్నాను.

నాలుగు రోజులు ఆయన ఒక్కడే తిన్నాడు. ఐదో రోజు పక్క మగ్గం పెంచలయ్య, "వరదన్నా, ఆ పసుపుది నాకూ ఒక పిడికెడు ఎయ్యి" అన్నాడు. ఆ తర్వాత గిన్నె అడుగు కనిపించడం మొదలైంది. ఇప్పుడు మురుగేష్ నా దగ్గర నేర్చుకుని తనే చేస్తున్నాడు. ప్లేటు పది రూపాయలే. నల్ల కలరు సీసాలు బల్ల కింద పెట్టాడు, అడిగితేనే తీస్తాడు. మానలేదు. అతనికీ ఇల్లుంది కదా. మూడు గంటలకు నేను కూడా పోతున్నాను. బండ మీద నాకు చోటు ఉంటుంది.

ఇంట్లో రోజూ చిన్న గిన్నెడు పప్పు ఉంటుంది. ఇద్దరం తింటున్నాము. వారానికి రెండు రోజులు సంగటి. నేను కూడా కొంచెం లావయ్యానని ఆయన అన్నాడు. ఈసారి అది మెచ్చుకోలు.

మొక్కు సంగతి. జనవరిలో అలిపిరి మెట్లెక్కుతాను. ఆయన్ను ఎక్కనివ్వను, బస్సులో వస్తాడు. నువ్వు అలిపిరి దాకా వచ్చి నాకు తోడుగా నాలుగు మెట్లు ఎక్కి దిగిపో. మీ ప్రభువు ఏమీ అనుకోడు.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరంతో పాటు ఒక సంచి పంపుతున్నాను. తిరుపతి బస్సు కండక్టరు మా కుప్పమ్మత్త కొడుకు, సాయంత్రం నీ వార్డు గేటు దగ్గర ఇస్తాడు. అందులో రెండు శేర్ల బొరుగులు, వేయించిన తాళింపు సీసా, ఎండు నిమ్మతొక్కుల పొడి ఉన్నాయి. నీ ఫ్లాస్కు నీళ్ళు పోసి మూత పెట్టు, నిమిషం తర్వాత నీళ్ళు వంచి పిండి, తాళింపు కలుపుకో. నీ నూడుల్స్‌కు మూడు నిమిషాలు, దీనికి రెండే. టైం లేదని నాకు చెప్పలేవు. అయిపోతే రాయి, ప్రతి పదిహేను రోజులకు పంపుతాను. ఒక్కదాని కోసం ఎందుకు వండుకోవాలి అన్నావు. నేను వండుతున్నాను కదా.

గోడ మీద నీ పాత చీటీ అలాగే ఉంది. తీయలేదు. పసుపు పెట్టాను.

మునిరత్న

గ్రేసమ్మ చెల్లెలికి, నేను వరదయ్య. ఈమె రాసినాక మిగిలిన చోటులో రాస్తా ఉండా. లావైనావన్న మాట వెనక్కి తీసుకుంటి. నీ దీర్ఘం పోబట్టే నేను దొరికిపోయినా. ఇంకోసారి యాడన్నా దీర్ఘం మరిచిపోయేటట్టుంటే ముందే చెప్పు, నేను బన్ను తినేసి కూర్చుంటా.

*

తిరుపతి,
డిసెంబరు 14

మునిరత్నా,

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, రెండు ముక్కలే. సంచి అందింది. రెండు నిమిషాలు కాదు, ఒకటిన్నరే పట్టింది. ఆయాలు ఐదుగురం పంచుకున్నాము. డాక్టరమ్మ కూడా ఒక పిడికెడు తీసుకుని, తన పరిశీలన కాగితాల మీద పసుపు చేసుకుని పోయారు. పదిహేను రోజులకు కాదు, వారానికే పంపాల్సి వస్తుంది. నాలుగు మెట్లు కాదు, నలభై ఎక్కుతాను.

అన్నకు చెప్పు, దీర్ఘాలు ఇక మరచిపోను అని.

ఈ కాగితం కింది మూల చూడు. మరక ఉంది. తుడవలేదు. నువ్వు వాసన చూస్తావని తెలుసు.

గ్రేసీ